ఎవరి వైపు నుంచి వలస? – గూడెం–రంప పితూరీలపై డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం: విమర్శనాత్మక పరిశీలన

ఐరోపావాసులు అమెరికాకు ఎందుకు వలస వెళ్లారు అని పరీక్షలో అడిగితే పేదరికం, భూమి కొరత, మతపరమైన వేధింపులు అని మీరు రాస్తారు. 1607లో జేమ్స్‌టౌన్, 1620లో ప్లిమత్ స్థావరాలు ఏర్పడ్డాయనీ, ఓడ ఖర్చు తీర్చడానికి ఎందరో ఏళ్ల తరబడి ఒప్పంద కూలీలుగా పనిచేశారనీ వివరిస్తారు. జవాబు సరైనదే. కానీ అది ఓడ దిగినవారి వైపు జవాబు. అప్పటికే అక్కడ ఉన్నవారు అందులో కనిపించరు. తెలుగులో ‘వలస’ అనే మాట బతుకుతెరువు కోసం వెళ్లడానికీ, ‘వలస పాలన’కూ రెంటికీ వాడతాం. ఈ రెండు అర్థాలను విడదీసి చూడటమే విమర్శకుని మొదటి పని.

ఇందుకు గూడెం కొత్తవీధి ఉన్న కొండల చరిత్రను తీసుకుందాం. డేవిడ్ ఆర్నాల్డ్ 1839–1924 మధ్య జరిగిన గూడెం–రంప పితూరీలపై రాసిన వ్యాసం 1982లో ‘సబాల్టర్న్ స్టడీస్’ మొదటి సంపుటిలో వెలువడింది. అధికారులు శాంతిభద్రతల సమస్యగా చూసిన తిరుగుబాట్లను ఆయన ఒకే వరుసగా చదివారు. 1879 నాటి రంప పితూరీకి ముందు కల్లుపై పన్ను, 1882 అటవీ చట్టం తరువాత పోడుపై ఆంక్షలు, 1922కు ముందు రోడ్డు పనుల్లో చాలీచాలని కూలి: వీటి వెనుక కొండ ఎక్కి వచ్చిన అధికారి, వ్యాపారి, వడ్డీవ్యాపారి ఉన్నారు. ముందునుంచీ ఉన్నవారి వైపు నిలబడి చూడటం ఈ వ్యాసం బలం.

అమెరికాతో పోల్చితే ఒక తేడా స్పష్టమవుతుంది. అక్కడ మశూచి స్థానికులను తుడిచిపెట్టి, వచ్చినవారికి దారి సుగమం చేసింది. ఇక్కడ మన్యం జ్వరం మైదానవాసులనే నిలువరించింది. అందువల్ల చాలాకాలం వ్యాపారి సంతకు వచ్చి దిగిపోయేవాడు. అతను స్థిరపడకముందే అప్పు కొండపై స్థిరపడింది.

వ్యాసానికి పరిమితులూ ఉన్నాయి. దాని ప్రధాన ఆధారాలు ప్రభుత్వ రికార్డులు. కాబట్టి కొండవారి మాట చాలావరకు పోలీసు, రెవెన్యూ కలాల గుండానే మనకు చేరుతుంది. రెండోది, మైదానవాసి కొండ ఎందుకు ఎక్కాడన్న ప్రశ్నకు తగిన చోటు దక్కలేదు. సారా కాంట్రాక్టరు, అతని గుమాస్తా, జీతానికి వచ్చిన కానిస్టేబులు ఒకే రకం మనుషులు కారు. ఒడిశా వైపు నుంచి పోడు భూమి కోసం వచ్చిన ఆదివాసీ కుటుంబాలను ఏ వర్గంలో చేర్చాలి? ‘బయటివాడు’ అనే ఒక్క మాట ఇక్కడ చాలదు.

ఈ చర్చ పరీక్షతో ముగిసేది కాదు. 1917 ఏజెన్సీ భూబదిలీ చట్టం, 1970 నాటి 1/70 నిబంధన వచ్చింది ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపడానికే. వచ్చినవారి కష్టం నిజం, ఉన్నవారి నష్టం నిజం. మొదటిదాన్ని చెప్పి రెండోదాన్ని దాచే చరిత్ర సగం చరిత్ర. కష్టం ఉన్నంతమాత్రాన భూమిపై హక్కు రాదు.

అభ్యాసం: మీ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన ఒక సమూహాన్ని ఎంచుకోండి. వారు ఎందుకు వచ్చారో, అప్పటికే ఉన్నవారికి ఏమైందో రెండు వైపుల పెద్దలను అడిగి, ఒక్కో వైపు నుంచి ఒక్కో పేరా రాయండి.