బంటు గుణం

అల్వాల్‌లో నేనుండే వీధి తెల్లవారకముందే పరుగుల చప్పుడుతో మేల్కొంటుంది. సైన్యంలో చేరగోరే కుర్రవాళ్ళు కంటోన్మెంటు రోడ్ల వెంట పరుగెత్తుతుంటారు. వారిలో ఒకడు నా తరగతివాడే. త్యాగరాజు ‘బంటురీతి కొలువు’ కీర్తనలో రోమాంచం కవచమనీ, రామభక్తి ముద్రబిళ్ళ అనీ, రామనామం ఖడ్గమనీ నేను రూపకాలు విడదీసి చెబుతుంటే లేచి అడిగాడు: “సార్, ఇంతకీ ఆయనకు కొలువు దొరికిందా?” తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. అది నవ్వవలసిన ప్రశ్న కాదని తరువాత తోచింది.

ఈ కీర్తనను మనం దాస్యభక్తికి ఉదాహరణగానే చెప్పుకుంటూ వచ్చాం. బంటు అంటే ఏలినవారి మాటకు ఎదురాడనివాడు. ‘నమ్మినబంటు’ అనే పలుకుబడి ఆ అర్థాన్నే పాతుకొనజేసింది. చదరంగంలో ముందు నడిచేదీ, ముందు చచ్చేదీ బంటే. ఆ మాటే కచేరీలలో బంట్రోతై గుమ్మం దగ్గర నిలబడింది. కాని కీర్తనను మళ్ళీ చదవండి. అది ఒక అర్జీ. అర్జీదారు తన ప్రభువును తానే ఎంచుకున్నాడు. ఎవరిని నేలకూలుస్తాడో కూడా ముందే చెప్పాడు: కామం, మదం మొదలైన లోపలి శత్రువులను. ఎంపిక, ఆత్మనిగ్రహం ఈ బంటుకు మొదటి గుణాలు; విధేయత వాటి వెనుక వచ్చేది. మన వ్యాఖ్యానాలు ఈ వరుసను తలకిందులు చేశాయి.

త్యాగరాజు కాలంలోనే అసలు బంట్ల చరిత్ర మరోరకంగా నడిచింది. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు. మన జాతి పేరే కూలిసైనికుడికి పేరైందన్నమాట! సికందర్ జా పేరిట సికిందరాబాదు వెలసిన 1806లోనే వేలూరులో మద్రాసు సిపాయీలు తిరగబడ్డారు. నుదుట బొట్టు చెరపమన్నారు, గడ్డం గొరగమన్నారు, కొత్త తలపాగా పెట్టమన్నారు. కాదన్నవారికి మే నెలలో కొరడాదెబ్బలు పడ్డాయి. జూలై 10న కోట రక్తసిక్తమైంది. నిద్రపోతున్న తెల్లసోల్జర్లను చంపడాన్ని నేను కీర్తించబోను. నిగ్రహం లేని కాల్బలం గుంపే. అటువంటి గుంపు చేతి తుపాకికి చివరకు బలయ్యేవాడు పేదవాడే.

అందుకే నాకు వేలూరు కంటె పెషావరు గొప్పదనిపిస్తుంది. 1930 ఏప్రిల్‌లో నిరాయుధులైన పఠాన్లపై కాల్చమంటే చంద్రసింగ్ గఢ్వాలీ, అతని తోటి సిపాయీలు కాల్చలేదు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. తిన్న ఉప్పుకు ద్రోహం అన్నారు దొరలు. ఆ ఉప్పు ఎవరిది? శిస్తు కట్టిన రైతుది కాదా? త్యాగరాజు అర్జీలోని రెండు గుణాలూ నాకు ఆ నిరాకరణలో కనిపిస్తాయి.

ఇక నా విద్యార్థి ప్రశ్న. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటన వెలువడింది. కొలువు నాలుగేళ్ళు, ఆపైన నిలిచేది నూటికి ఇరవైఐదుగురికి మించదు. దేహదారుఢ్య పరీక్షలు నెగ్గి రాతపరీక్షకు ఎదురుచూస్తున్న కుర్రవాళ్ళు ఆ నెల 17న సికిందరాబాదు స్టేషనులో రైలుపెట్టెలు తగులబెట్టారు. పోలీసు కాల్పులలో ఒకడు చనిపోయాడు. ప్రాణమిచ్చేంత విధేయత కావాలని అడిగేవారు, తమవైపు నుంచి మాత్రం నాలుగేళ్ళ బాకీయే ఒప్పుకున్నారు. ‘నమ్మినబంటు’లో నమ్మవలసింది ఒక పక్షమేనా?

ఈ ఏడు పరీక్షలో కూడా ఆ కీర్తన మీద రూపకాలంకారం వివరించమనే అడిగాం.