విషాదమునకు పరిహారము: ఒక చీనా నాటకమును, మన సారంగధరుడును

‘చాంగ్ షెంగ్ దియన్’ అనగా ‘చిరజీవన ప్రాసాదము’. హుంగ్ షెంగ్ అను చీనా కవి 1688లో ముగించిన 50 రంగముల నాటకమిది. యాంగ్ షియన్‌యి, గ్లాడిస్ యాంగ్ దంపతులు 1955లో ప్రకటించిన ఆంగ్లానువాదము మూలమున మేము దీనిని చదివితిమి. చదువుచున్నంతసేపు కవిశక్తికి తల యొగ్గితిమి. ముగించిన పిదప మాత్రము మనస్సు తృప్తి చెందలేదు. ఈ అతృప్తికి కారణము వెదకబోగా అది మమ్ము దూరదేశమునుండి మరల ధర్మవరమునకే కొనివచ్చినది.

ఇతివృత్తము చరిత్రప్రసిద్ధము. తాంగ్ వంశపు చక్రవర్తి షుయాన్‌త్సుంగ్ యాంగ్ గుయిఫేయి యను సుందరిపై మరులుగొని రాజ్యభారమును మఱచును. 755లో ఆన్ లూషాన్ అను సేనాని తిరుగబడును. రాజధానిని విడిచి పాఱిపోవుచుండగా 756లో మావేయి యను మజిలీలో సైనికులు ఆమె చచ్చినగాని అడుగు ముందునకు వేయమని మొండికెత్తుదురు. చక్రవర్తి లొంగును, ఆమె మరణించును. హుంగ్ షెంగునకు నాలుగు వందల యేండ్లు ముందటివాడైన బాయ్ పూ అను కవి ఈ కథనే నాటకముగా వ్రాసి, ముసలి చక్రవర్తి రాత్రియంతయు చెట్టు ఆకులపై వానచప్పుడు వినుచు కుమిలిపోవుటతో ముగించెను. హుంగ్ షెంగ్ అచ్చట ఆగలేదు. మావేయి ఘట్టము అతని నాటకమున సరిగా నడుమ వచ్చును. తక్కిన సగమంతయు పరిహారమే. ఆమె ఆత్మ పశ్చాత్తాపపడును, దివ్యత్వము పొందును. తుదకు చంద్రలోకమున దంపతులు మరల కలిసికొందురు. వారిని కలుపుటకు పూనుకొన్నది నేతకన్నె యను నక్షత్రదేవత. ధర్మవరము మగ్గములనడుమ తిరుగువారికి ఈ దేవత పరాయిది కాదని ప్రసంగవశమున చెప్పుచున్నాము.

మాకు నచ్చినదేదో ముందు చెప్పవలెను. గుయిఫేయికి లీచీపండ్లనిన ప్రీతి. అవి వాడకముందే రాజధానికి చేరవలెనని దక్షిణమునుండి రౌతులు గుఱ్ఱములను దౌడు తీయింతురు. ఒక రంగమున ఆ గుఱ్ఱములు ముసలి రైతు చేనిని త్రొక్కివేయును. దారిలో నున్న గ్రుడ్డి జోస్యుడొకడు వాని కాళ్లక్రింద పడి చచ్చును. మఱుక్షణమున రౌతులు కానరారు. ఆస్థానగాయకుడొకడు రాజ్యము కూలిన పిదప దక్షిణదేశమున వీథులవెంట పాడుకొనుచు, గడచిన వైభవమును జనులకు వినిపించు రంగము ఇంకొకటి. ప్రేమకథను రాజ్యకథతో ఇంత గట్టిగా పెనవేసిన నాటకములు మేమెఱిగినంతలో అరుదు.

అయినను ప్రశ్న నిలిచియేయున్నది. ప్రేయసీప్రియులకు చంద్రలోకము దొరికినది. ఆ గ్రుడ్డివానికేమి దొరికెను? ఆ ప్రాణము పోవుటను చూపి, పిమ్మట దానిని మఱచిపొమ్మని ప్రేక్షకుని అడుగుట న్యాయమా?

అంతకంటె పెద్ద మౌనమొకటి ఈ నాటకమున గలదు. చరిత్రలో యాంగ్ మొదట చక్రవర్తి కుమారుడైన షోవ్ రాకుమారుని భార్య. తండ్రి ఆమెను కోరెను. ఆమెను కొంతకాలము తావో మతపు సన్న్యాసినిగా ఉంచి, 745లో గుయిఫేయి పదవి నిచ్చి తనదానిని చేసికొనెను. అప్పటికి అతనికి 60 ఏండ్లు, ఆమెకు 26. హుంగ్ షెంగ్ ఈ సంగతిని నాటకము గడప తొక్కనీయలేదు. ఆమెను అంతఃపుర పరిచారికగానే ప్రవేశపెట్టెను. శృంగారము నిర్మలముగా నుండవలెనని అతని తలంపు కావచ్చును. కాని కొడుకు సొత్తును తండ్రి అపహరించిన కథలో ఆ కొడుకే లేకుండుటను ఔచిత్యమనుటకు మాకు నోరాడదు.

తెలుగువాడు ఇచ్చట సారంగధరుని తలంపక యుండలేడు. రాజమహేంద్రవరమేలిన రాజరాజనరేంద్రుడు, యువతియైన చిత్రాంగి, పట్టమహిషి రత్నాంగి కుమారుడైన సారంగధరుడు, వాని పావురము, చిత్రాంగి చేసిన నింద, కరచరణ ఖండనము: ఇదంతయు మనకు చిన్ననాటినుండియు తెలిసిన కథ. చరిత్రకు దీనితో పొత్తు లేదు. శాసనములవలన మనకు తెలియవచ్చు రాజరాజు కుమారుడు 1070లో చోళ సింహాసన మెక్కిన కులోత్తుంగుడు. ఈ కథకు గల రూపములలో కొన్నింట చిత్రాంగికి మొదట రాకుమారుని చిత్తరువునే చూపి, తుదకు తండ్రికి కట్టబెట్టినట్లున్నది. షోవ్ రాకుమారుని గాథ తలక్రిందులుగా మన గుమ్మములో నిలిచినట్లే గదా!

పూర్వకథలో సిద్ధుని కరుణచే సారంగధరునికి కాలుసేతులు మరల వచ్చును. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఆ ఊఱటను కాదని ‘విషాద సారంగధర’మును విషాదాంతముగనే నడిపిరి. బళ్లారిలో న్యాయవాదవృత్తిలో నుండి, సరసవినోదినీ సభను నడపి, 1912లో కీర్తిశేషులైన ఆంధ్రనాటక పితామహులు వారు. చీనాకవి విషాదమునుండి పునస్సమాగమమునకు నడచెను. ధర్మవరకవి పునరుజ్జీవనమునుండి విషాదమునకు నడచెను. మంగళాంతమే మన సంప్రదాయమని నమ్మిన కాలమున ఇది సామాన్యమైన తెగువ కాదు.

తెలుగు ప్రేక్షకుడు దుఃఖాంతమును సహింపడనువారితో మేము ఏకీభవింపము. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో గోడమీది ఎఱ్ఱని మరకలను చూపి, విరూపణ్ణ తన కన్నులను తానే పెఱికి విసరిన గుర్తులని నేటికిని చెప్పుదురు. మేము వినినంతలో ఆ కన్నులను తిరిగి మొలపించిన వారెవరును లేరు. పెనుకొండ సంగతి చెప్పనక్కఱలేదు. 1565 యుద్ధమున రామరాయలు కూలగా, తమ్ముడు తిరుమలరాయలు రాజధానిని అచ్చటికి తరలించెను. ఆ పతనమునే కోలాచలము శ్రీనివాసరావుగారు ‘రామరాజు చరిత్ర’ముగా వ్రాయగా, బళ్లారి రాఘవ పఠాను రుస్తుం వేషమున పేరొందెను. పుట్టపర్తి నారాయణాచార్యులవారు పిన్నవయసుననే ఆ శిథిలములను చూచి ‘పెనుగొండలక్ష్మి’ని వ్రాసిరి. ఈ సీమవారు ఓటమిని ఓటమిగానే చెప్పుకొనిరి.

ఇంత చెప్పియు, సారంగధరుని విషయమున సంపూర్ణసమ్మతి నీయలేకున్నాము. దోషమేమియులేని వాడు నాశనమగుట విషాదనాటకమునకు తగిన వస్తువు కాదని అరిస్టాటిల్ ఏనాడో చెప్పెను. యూరిపిడీసు క్రీ.పూ. 428లో ప్రదర్శించిన ‘హిప్పోలిటసు’ కథ ఇట్టిదే. అందు సవతితల్లి ఫీడ్ర మనస్సులోని పెనుగులాటను కవి మన యెదుట పఱచును గనుక జాలి ముగ్గురికిని పంచబడును. సారంగధర కథలో జాలియంతయు రాకుమారునిపైకే పోవును. చిత్రాంగి మనకు ఏవగింపుగనే మిగులును. నిజమునకు తొట్రుపాటు రాజరాజునిది. ముదిమిలో పడుచుపిల్లను కట్టుకొన్నది అతడే, విచారింపక శిక్ష విధించినది అతడే. పేరు సారంగధరునిదైనను ఈ విషాదమునకు నాయకుడు తండ్రియేయని మా యభిప్రాయము.

హుంగ్ షెంగ్ ఈ యంశమున మన కవులకంటె ఉదారుడు. తన నాయికను తప్పులతోనే ప్రేమించెను. రాజ్యము చెడుటకు తానును కొంత కారణమని ఆమెచేతనే ఒప్పించెను. అతని చంద్రలోకము మాకు రుచింపలేదు గాని, ఆమెకు లభించిన ఆ పశ్చాత్తాపరంగము వంటిదొకటి చిత్రాంగికి ఎవ్వరేని వ్రాసియుండినయెడల, సిద్ధుడు రాకున్నను మేము కొఱత పెట్టియుండెడివారము కాము.