షక్కర్ పోయి వర్గం మిగిలింది

డిచ్‌పల్లి స్టేషన్ దగ్గరి హోటల్‌కు పొద్దున ఒకటే తెలుగు పేపరు వస్తుంది. చదివేవాళ్లు పదిమంది. అందుకని వచ్చీరాగానే అది పేజీలుగా విడిపోతుంది. మొదటి పేజీ ఒకరికి, జిల్లా పేజీలు ఒకరికి, మార్కెట్ ధరలు ఒకరికి, సినిమా పేజీ పోరగాళ్లకు. మేం కూర్చున్న బల్ల మీదికి ఆటల పేజీ వస్తుంది. ఎవరూ చెడ్డబుద్ధితో ఇవ్వరు. "తీస్కో భాయ్, మ్యాచ్ ఏమైందో చూడు" అని ప్రేమగానే ఇస్తారు. మా పేచీ ఆ ప్రేమతోనే.

చాయ్ చల్లారేలోగా ముచ్చట దేశమంతా తిరిగొస్తుంది. మంత్రివర్గంలోకి ఎవరొస్తారు, పసుపు క్వింటాలు ఎంత పలికింది, 2023లో నిజామాబాద్‌లో తెరిచిన ఐటీ హబ్‌లో మన పిల్లలెంతమంది కూర్చున్నారు, ఏఐ వస్తే ఎవరి నౌకరి పోతుంది. దీన్ని పొద్దుపోని ముచ్చట అని తీసిపారేయడం తప్పు. కవితను, కథను ఎంత శ్రద్ధగా విమర్శిస్తామో దీన్నీ అంత శ్రద్ధగా విమర్శించాలి. పుస్తకం ముఖం చూడనివాళ్లకు కూడా లోకం ఈ ముచ్చటలోంచే అర్థమవుతున్నది. ఎవరు ఏ సంగతి మాట్లాడొచ్చో, ఎవరు మాట్లాడకూడదో ఇక్కడే తేలిపోతున్నది.

మాకూ ఇందులో వంతు వస్తుంది. ఎప్పుడు? పాకిస్తాన్ పేరు వచ్చినప్పుడు. 2019లో తలాక్ చట్టం వచ్చినప్పుడు. 2025లో వక్ఫ్ చట్టం సవరించినప్పుడు. "మీవోళ్లు ఏమంటున్నరు?" అని అందరి ముఖాలూ మా బల్ల వైపు తిరుగుతాయి. మేం నలుగురం కూర్చుని ఉంటాం, నలుగురికీ నాలుగు అభిప్రాయాలుంటాయి, అయినా కోట్లమంది తరఫున జవాబు చెప్పాలి. చెరకు ధర గురించో, నిజాంసాగర్ నీళ్ల గురించో "మీవోళ్లు ఏమంటున్నరు" అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తే వింటారు కానీ, ఆ వినడంలోనే ఒక జల్లెడ ఉంటుంది. ఓటు యంత్రం మీద అనుమానం పసుపు రైతు నోట వస్తే అది రైతు కోపం. మా నోట వస్తే మావోళ్లు ఓడిపోయిన బాధ.

లౌకికవాద మిత్రులది ఇంకో తీరు. గొడవ జరిగిన మర్నాడు ఫోను చేస్తారు. సభలో కుర్చీ వేస్తారు. "ముస్లిం కోణం నుంచి చెప్పండి" అంటారు. ఆ కష్టకాలంలో వాళ్లు పక్కన నిలబడ్డారు, అది మరిచిపోయేంత కృతఘ్నులం కాము. కానీ షుగర్ ఫ్యాక్టరీ మీద సభ పెట్టినప్పుడు వాళ్లకు ఆర్థికవేత్త కావాలి, రైతు నాయకుడు కావాలి, యూనియన్ నాయకుడు కావాలి. అక్కడ మా కోణం గుర్తుకురాదు. ఫ్యాక్టరీలో మేం కోణంగా లేం కదా. బాయిలర్ దగ్గరా, కాటా దగ్గరా, లారీ స్టీరింగ్ దగ్గరా ఉన్నాం.

పేపర్లలో మాకు మూడు పేర్లున్నాయి. రంజాన్‌కు, బక్రీద్‌కు "ముస్లిం సోదరులు". ఈద్గా దగ్గర అలాయిబలాయి తీసుకుంటున్న ఇద్దరు చిన్నపిల్లల ఫొటో కింద, "భక్తిశ్రద్ధలతో" అన్న మాటను తోడు తెచ్చుకుని ఈ పేరు వస్తుంది. (సోదరీమణులకు పండుగ ఉంటుందో ఉండదో పేపరుకు తెలియదు.) గొడవైతే "ఒక వర్గం". దీనికి ఊరూ పేరూ ఉండవు, అయినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. 2020 ఏప్రిల్‌లో కరోనా లెక్కల్లో దీనికి "మర్కజ్" అన్న మారుపేరు కూడా వచ్చింది. రోగానికి కూడా మతం అంటించిన రోజులవి. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారన్నట్టుగానే రాసింది. ఏప్రిల్‌లో మొదటి పేజీలో వచ్చిన నింద ఎంతమందికి తెలుసో, ఆగస్టు తీర్పు అందులో ఎంతమందికి తెలుసో ఏ హోటల్లోనైనా అడిగి చూడండి.

మూడో పేరు "కార్మికులు". ఇది ఎవరి దయా లేకుండా మేం సంపాదించుకున్నది. ఈ వ్యాసం ఆ పేరు గురించే.

బోధన్‌ను ఆనుకుని షక్కర్‌నగర్ ఉంది. సగం ఉర్దూ, సగం సంస్కృతం. ఆ షక్కర్ కూడా శర్కరే పారసీ దేశం పోయి తిరిగొచ్చిన రూపమంటారు కాబట్టి, పేరును మతాల ప్రకారం పంచుకుందామన్నా కుదరదు. ముందు నీళ్లొచ్చాయి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నీళ్ల వెనక చెరకు, చెరకు వెనక ఫ్యాక్టరీ. 1937లో కంపెనీ పెట్టారు, మర్నాటి ఏడు గానుగ తిరిగింది. ఆసియాలోనే పెద్దదని మా తాతలు చెప్పుకునేవాళ్లు. ఆ లెక్క ఎవరు కట్టారో గానీ, చెప్పేటప్పుడు వాళ్ల ఛాతీ వెడల్పయ్యేది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఫ్యాక్టరీ సర్కారుది అయింది. క్రషింగ్ కాలంలో సైరన్ కూతకు ఊరు లేచేది, మొలాసిస్ వాసనలో నిద్రపోయేది.

ఆ క్వార్టర్లలో గణపతి చందా, పీర్ల చందా ఒకే జీతంలోంచి పోయేవి. అంతా పాలూ నీళ్లలా కలిసి ఉన్నామని కట్టుకథలు చెప్పడం లేదు. అక్కడా కులాలున్నాయి, జమాతులున్నాయి, మనసులో మాటలున్నాయి. కానీ బోనస్ పెరగాలంటే ఇద్దరూ ఒకే గేటు ముందు కూర్చోక తప్పదు. పిల్లకు సంబంధం వస్తే "పిల్లగాడు షుగర్ ఫ్యాక్టరీల ఫిట్టర్" అనేవాళ్లు. ఫిట్టర్ అన్న మాట తర్వాతే పేరు, పేరు తర్వాతే మిగతావి.

2002లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చింది. బోధన్‌తోపాటు ముత్యంపేట, ముంబోజిపల్లి ఫ్యాక్టరీలు కూడా అందులో పోయాయి. నిజాం దక్కన్ షుగర్స్ అని పేరు మారింది. 2004లో వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం సభాసంఘం వేసింది. అమ్మకం చెల్లదు, వెనక్కి తీసుకోండి అని సభాసంఘం చెప్పింది. కాగితం బీరువాలోకి పోయింది. తెలంగాణ వస్తే సర్కారే నడుపుతుందన్నారు. వచ్చింది. మహారాష్ట్ర పద్ధతిలో రైతుల సహకార సంఘానికి ఇస్తామన్నారు. అదీ కాలేదు. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ నోటీసు అంటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆర్డరిచ్చింది. 2024 జనవరిలో కొత్త ప్రభుత్వం తెరిపించడానికి మంత్రి శ్రీధర్‌బాబుతో కమిటీ వేసింది. రెండు రాష్ట్రాలు, మూడు పార్టీలు, ఇరవై రెండేళ్లు.

ఈ లెక్కంతా హోటల్లో చాలామందికి నోటికి వచ్చు. నష్టాల సంగతి, అప్పుల సంగతి, భూముల సంగతి చర్చిస్తారు. కానీ ఒక నష్టం ఏ ముచ్చటలోనూ రాదు. గేటుకు తాళం పడిన రోజు ఉపాధి ఒక్కటే పోలేదు, మా మూడో పేరు కూడా లోపలే ఉండిపోయింది. హిందూ ఫిట్టర్‌కు ఫిట్టర్ పేరు పోతే ఇంకా పది పేర్లుంటాయి. రైతంటారు, పటేలంటారు, ఫలానా వీధివాడంటారు. అతని బాధ తక్కువని కాదు, ఆకలి ఇద్దరికీ ఆకలే. మాకు మాత్రం ఆ పేరు పోతే మిగిలింది మొదటి రెండూ. సోదరుడు, లేకపోతే వర్గం.

2022 మార్చిలో బోధన్‌లో శివాజీ విగ్రహం మీద గొడవైంది. పోలీసులొచ్చారు, 144 సెక్షన్ పెట్టారు, టీవీలొచ్చాయి. "ఇరు వర్గాల మధ్య ఘర్షణ" అన్నారు. ఎన్నో ఏళ్లుగా చక్కెర వార్తకు మాత్రమే రాష్ట్రానికి గుర్తొచ్చే ఊరు విగ్రహం వార్తకు దేశానికంతా తెలిసింది. ఆ రెండు వార్తలకూ సంబంధం ఉందని ఎవరూ రాయలేదు. ఫ్యాక్టరీ నడిచి ఉంటే గొడవే అయ్యేది కాదు అనేంత అమాయకులం కాము. నడిచే ఫ్యాక్టరీలున్న ఊళ్లలో కూడా కత్తులు దూశారు. కానీ అటూ ఇటూ రోడ్డు మీద నిలబడ్డ పిల్లల తండ్రులు ఒకప్పుడు ఒకే గేటు ముందు కూర్చున్నవాళ్లయి ఉండొచ్చు. ఒక్క విలేకరి అయినా ఆ మాట అడిగి ఉంటే ఆ వార్త ఇంకో తీరుగా ఉండేది.

ఇక నిజాం అన్న మాట. ఎన్నికలొస్తే "మన నిజాం షుగర్స్" అని ప్రతి మైకూ ఏడుస్తుంది. సెప్టెంబర్ 17 వస్తే అదే మైకు నిజాంను, రజాకార్లను తిడుతూ మా వీధి వైపు చూస్తుంది. నిజామాబాద్ పేరు తీసేసి ఇందూరు చేయాలనేవాళ్లు నిజాం షుగర్స్ పేరు మార్చాలని మాత్రం అనరు, దాని మీద ఓట్లున్నాయి కాబట్టి. నిజాం మా తాత కాదు. మా తాతలు జాగీరుల్లో వెట్టి చేసినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, దూది ఏకినవాళ్లు. ఆయన నగల్లో మాకు వాటా రాలేదు, ఆయన పాపంలో మాత్రం ఏటేటా వాటా వస్తున్నది. దాశరథిని ఇదే నిజామాబాద్ జైల్లో పెట్టారు. ఆ జైలును తిట్టే హక్కు మాకూ ఉంది. ఆ చెరువు నీళ్లు తాగే హక్కు తిట్టేవాళ్లకూ ఉంది. ఇంత చిన్న సంగతి హోటల్ ముచ్చటలో ఎందుకు ఇమడదో మాకు అర్థం కాదు.

పసుపు రైతుల దగ్గర మేం నేర్చుకోవాల్సింది ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు, అందులో 178 మంది రైతులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు పదహారు మీటలు. నోటాతో కలిపి 186 కావాలి కాబట్టి ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు యూనిట్లు వరుసగా పేర్చారు. పాత యంత్రాలకైతే నాలుగు యూనిట్లే తగులుతాయి, అందుకని కొత్త రకం తెచ్చారు. మా ముసలమ్మలు ఓటేసి వచ్చి "బల్లల మీద పియానోలు పెట్టిండ్రు" అని నవ్వారు. రైతులు గెలవలేదు. కానీ "పసుపు రైతు" అన్న పేరును దేశం పలికేలా చేశారు. 2025లో పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. అది ఎంత మేలు చేస్తుందో ధర చెప్తుంది. మేం చూసింది ఒకటే. వాళ్లు తమ పేరును తామే రాసుకున్నారు, అదీ యంత్రాన్ని పన్నెండు ముక్కలుగా సాగదీసి మరీ.

మా ఆడవాళ్లకు అలాంటి పేరు ఒకటి ఇప్పటికీ ఉంది. ఒడిలో చాట, చాటలో తునికాకు, జర్దా. పద్మశాలి ఇంట్లో, మా ఇంట్లో అదే చాట. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ ఉన్నవాళ్లకే అంది. తల్లి పేరు మీద బిడ్డ, అత్త కార్డు మీద కోడలు చుట్టే పని ఇది. చుట్టిన చేయి ఒకరిది, కార్డు మీద పేరు ఇంకొకరిది. బుర్ఖా మీద తెలుగులో పేజీలకు పేజీలు రాసినవాళ్లు ఆ బుర్ఖా కింది ఒడిలో ఉన్న చాటను ఎంత చూశారు?

ఆ ప్రశ్న ముందు మాకే తగులుతుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు మా ఒంటి మీది అనుమానానికి తెలుగులో ఒక పేరు దొరికింది. 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు మా గొంతులన్నీ ఒకచోట వినిపించాయి. 1992 డిసెంబర్ 6 తర్వాత అది తప్పనిసరి. కానీ వాటి వెనక వచ్చిన మేం ఏం రాశాం? మసీదు రాశాం, అనుమానం రాశాం, బిర్యానీని చూసి నవ్వేవాడి మీద కోపం రాశాం. అన్నీ నిజాలే. అయితే అన్నీ హోటల్లో మమ్మల్ని అడిగిన ప్రశ్నలకు జవాబులే. మాకు ఇచ్చిన పేజీనే చదివి, దాని మీదే రాసి, అదే మా అస్తిత్వమనుకున్నాం. 2002లో షక్కర్‌నగర్ అమ్ముడుపోయినప్పుడు అది మా అస్తిత్వం సంగతి అని మాకు తోచలేదు. ఆర్థిక విధానాల సంగతి, కమ్యూనిస్టులు చూసుకుంటారనుకున్నాం. వాళ్లు చూసుకున్నారు కూడా, కాకపోతే కార్మికుడికి ఇంటిపేరు ఉంటుందని వాళ్లకు తోచలేదు. ఇంటిపేరు ఉన్నవాడికి పని ఉంటుందని మాకు తోచలేదు.

గేటు మూతబడ్డాక పిల్లలు గల్ఫ్ పోయారు. అక్కడ ఆర్మూర్ పిల్లగాడిని, బోధన్ పిల్లగాడిని ఇద్దరినీ కలిపి "హిందీ" అని పిలుస్తారట. ఫోన్లో చెప్పుకుని నవ్వుకుంటారు.

2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి సర్వే చేసింది. డెబ్బై అయిదు ప్రశ్నలు. మా చుట్టాల ఇంటికి వచ్చినప్పుడు మేం అక్కడే ఉన్నాం. మతం గడి క్షణంలో నిండింది, ఆమె అడగను కూడా అడగలేదు. కులం గడి దగ్గర కొంచెం ముచ్చట నడిచింది. వృత్తి గడి దగ్గర పెద్దాయన, తొమ్మిదేళ్లుగా సైరన్ వినని మనిషి, "నిజాం షుగర్స్, ఫిట్టర్" అన్నాడు. "అది బంద్ అయింది గద తాతా, ఇప్పుడేం జేస్తున్నవ్?" అని ఆమె అడిగింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు. ఆమె పెన్ను ఆపి, ఏం రాయమంటారన్నట్టు మా వైపు చూసింది.