సరమ సంతతి

అపరాధ పరిశోధన కథలను టీవీలో చూచుట యొక విద్య యనియు, ఆ విద్యకు గురువు కుక్క యనియు నేను నమ్ముచున్నాను. తెరమీద పోలీసు అధికారి ప్రశ్నించుచుండగా, అనుమానితుడు తడబడుచుండగా, చూచువారి కన్నులన్నియు ఆ యిరువురి ముఖములమీదనే నిలుచును. ఆ గదిలో నొక మూల ముందుకాళ్లు చాచి పడుకొన్న కుక్క యెవరి వంక చూచుచున్నదో, ఎవరు లోనికి వచ్చినప్పుడు తోక యాడించినదో గమనించువారు మిక్కిలి తక్కువ. కథకుడు మనుష్యులచేత నెన్ని యబద్ధములనైన నాడింపవచ్చును గాని కుక్కచేత నొక్కటియు ఆడింపజాలడు. అందుచేత నిజమును దాచుటకు వేఱు చోటు దొరకనప్పుడు అతడు దానిని కుక్కవద్దనే దాచునని నా సిద్ధాంతము. వేడుకకు పుట్టిన సిద్ధాంతమే యైనను, దానిని విడుచుటకు నాకు మనసొప్పకున్నది.

ఉదాహరణమునకు దూరము పోనక్కఱలేదు. 2023 డిసెంబరు 1వ తేదీన అమెజాన్ ప్రైమ్‌లో వెలువడిన ‘దూత’ యను తెలుగు సిరీస్ మనలో ననేకులు చూచినదే. విక్రమ్ కె. కుమార్ దర్శకత్వమున, నాగచైతన్య ప్రధాన పాత్రధారిగా, విశాఖపట్నము నేపథ్యముగా ఎనిమిది భాగములలో సాగిన ఆ కథలో, సాగర్ అను పత్రికా సంపాదకుడు వాన కురియు రాత్రి దారిప్రక్క దాబాలో నొక పత్రిక ముక్కను చూచును. తన కారుకు కలుగబోవు ప్రమాదము దానియందు ముందుగనే సూచింపబడి యుండును. ఆ ప్రకారమే ప్రమాదము జరిగి పెంపుడు కుక్క మరణించును. పిమ్మట మనుష్యుల మరణములు వరుసగా వచ్చుటచేత ప్రేక్షకులు ఆ మూగజీవమును మఱచిపోవుదురు. దూత యనగా భవిష్యత్తును మోసికొని వచ్చు పత్రికయే యని అందఱు చెప్పుకొనుమాట. అందఱికంటె ముందు వచ్చిన దూత ఆ కుక్క యని నా వాదము.

ఈ వాదమునకు వేదమున నాధారము కలదు. ఋగ్వేదము పదవ మండలమున వర్ణింపబడిన యముని కుక్కలు రెండును నాలుగేసి కన్నులు గలవి, మార్గమును గాచునవి, జనుల నడుమ సంచరించు యమదూతలు. అవి దేవతల కుక్కయైన సరమ బిడ్డలు. ఆ తల్లియు దూతయే. పణులు గోవులను దొంగిలించి కొండలో దాచినప్పుడు, ఇంద్రుడు పంపగా రసానదిని దాటి, జాడ పట్టి, వాని యునికిని కనుగొన్నది సరమ. పణులామెను తమ సోదరిగా జేసికొందుమనియు, గోవులలో భాగమిత్తుమనియు ఆశ పెట్టిరి, ఆమె లొంగలేదు. దొంగిలింపబడిన సొత్తు, దాచినచోటు, జాడ, లంచము, లంచమునకు లొంగని పరిశోధకురాలు, ఇన్నియు ఆమె కథను చెప్పు నొక్క సూక్తమున నమరియున్నవి. షెర్లాక్ హోమ్స్ పూర్వులలో సరమ నెన్నకపోవుట న్యాయము కాదు.

భారతమునకు వత్తము. నన్నయ ఆదిపర్వము ఆరంభమైన కొలదిలోనే సరమ మరల కనబడును. జనమేజయుని తమ్ములు యజ్ఞభూమియందు ఆమె బిడ్డను నిష్కారణముగా కొట్టిరి. తల్లి వచ్చి న్యాయమడిగి, అది దొరకక, ఊహింపని భయము మీకు గలుగునని పలికి వెడలిపోయెను. కొంతదూరము పోయిన పిమ్మట పాండవుల వేటకుక్క నోటినిండ బాణములతో అడవినుండి తిరిగి వచ్చును. ఎవరికిని తెలియని ఏకలవ్యుని యునికి ఆ మూయబడిన నోటివలననే బయటపడినది. అద్దంకిలో రెడ్డిరాజుల యాస్థానమునందున్న ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషమును దాటి, తిక్కన మహాప్రస్థానికమును చేరుసరికి, ధర్మరాజు వెంట తుదివఱకు నడచిన కుక్క ధర్మదేవతయై నిలుచును. ఇంత పెద్ద గ్రంథమున కొక కొన దెబ్బ తిన్న కుక్కయు, మఱియొక కొన విడువబడని కుక్కయు నుండుట యాదృచ్ఛికమని నేననుకొనజాలను. ‘దూత’ను ఈ వరుసలో నిలిపి చూడుడు. ఏ పాపమునెఱుగని కుక్క మొదట బలియగును. అటుపిమ్మట ఊహింపని భయము ఒకరి తరువాత నొకరిని వెదకికొని వచ్చును. సరమ శాపము విశాఖపట్నపు వానలో తిరిగి పనిచేయుచున్నట్లు నాకు తోచును.

గ్రంథములనుండి గాక నేలనుండి నాకు దొరికిన యాధారమొకటి కలదు. మా చీమకుర్తి పేరు గెలాక్సీ గ్రానైట్ వలన దేశదేశములకు పోయినది గాని, క్వారీల చుట్టును నల్లరాతి దిమ్మెల కావల పైరుపొలము లింకను గలవు. మాఘ ఫాల్గుణములలో కోసిన మిరపకాయలు కల్లములలో నెఱ్ఱగా పఱచి ఆరబెట్టుదురు. రాత్రివేళ కాపలావాడు నులకమంచము వేసికొని ప్రక్కన పడుకొనును, మంచము క్రింద కుక్క పడుకొనును. ఆ కోరుగాలిలో మనకు దగ్గు ఆగదు. ఆ కుక్క మాత్రము ముక్కు పొట్టలోనికి ముడుచుకొని, ఒక్క చెవిని పైకెత్తి నిద్రించును. అట్టి కాపలావాని నొకని, నీ కుక్క దొంగను చూచి గట్టిగా మొఱుగునా యని నేనడిగితిని. అతడు తల యడ్డముగా నూపి, “మొరిగితే నాకు బెంగ లేదయ్యా, అది పందో నక్కో, ఊరు కాని ఊరోడో. మొరక్కుండా లేచి తోకాడించుకుంటా పోయిందనుకోండి, అప్పుడే కర్ర తీసుకోవాల. వచ్చినోడు మనోడే అన్నమాట” అనెను.

షెర్లాక్ హోమ్స్ కథలలో ‘సిల్వర్ బ్లేజ్’ చదివినవారికి ఈ మాట వినగానే ఒడలు పులకరింపకపోదు. కానన్ డాయిల్ 1892లో ప్రకటించిన ఆ కథలో పందెపు గుఱ్ఱము రాత్రి శాలనుండి మాయమగును. శాలలోని కుక్క మొఱగలేదు. మొఱగకపోవుటయే గుఱ్ఱమును తీసికొనిపోయినవాడు దాని కెఱిగినవాడని చెప్పినది. డాయిల్ తర్కశాస్త్రమునుండి తెచ్చినాడని పండితులనుకొను సూక్ష్మమును మా కాపలావాడు కల్లములో ప్రతి సంవత్సరము బ్రతుకుతెరువుకై వాడుకొనుచున్నాడు. జెరెమీ బ్రెట్ నటించిన టీవీ రూపమున ఈ కథను చూచినప్పుడు నా దృష్టి ఆ మహానటునిమీదగాక కుక్కమీదనే నిలిచినది.

అభిమానులు కల్పించుకొన్న సిద్ధాంతము నిజమైన సందర్భమును గలదు. 2004 మొదలు 2010 వఱకు సాగిన అమెరికను సీరియల్ ‘లాస్ట్’లో విమానము కూలిన ద్వీపమున జాక్ అను వైద్యుడు వెదురు పొదలలో కన్ను తెఱచినంతనే విన్సెంట్ అను లాబ్రడార్ కుక్క యెదుట పడును. అది దారితప్పి వచ్చినది కాదని ప్రేక్షకులనేకులు వాదించిరి. 2008లో వెలువడిన యొక చిన్న భాగమున, మరణించిన జాక్ తండ్రి ఆ కుక్కను పిలిచి, పోయి నా కుమారుని మేల్కొలుపుమని పంపుట చూపిరి. మృతుని యాజ్ఞ మోసికొని జీవించియున్నవాని వద్దకు వచ్చిన కుక్క! ఆ రచయితలు ఋగ్వేదమును చదివిరో లేదో గాని, సరమ బిడ్డల యుద్యోగమునే దాని కిచ్చిరి. చిట్టచివరి దృశ్యమున, మరణించుచున్న జాక్ ప్రక్కకు వచ్చి పడుకొన్నదియు అదియే.

ఇట్టి సిద్ధాంతముల నల్లువారు పాటింపవలసిన నియమమొకటి కలదు: కుక్కను కథనుండి తొలగించి చూడవలెను. కొలంబో అను టీవీ పరిశోధకుని వెంట 1972నుండి తిరిగిన, పేరైన పెట్టబడని ఆ బాసెట్ హౌండును తొలగించినచో మన కానందము తగ్గును గాని ఏ హత్యారహస్యమును చెడదు, అది అలంకారము. ‘సిల్వర్ బ్లేజ్’ కుక్కను తొలగించినచో పరిశోధనకు మూలమే పోవును. ‘దూత’లో కుక్క బ్రదికియుండినచో ఆ రాత్రి జరిగినది కారు ప్రమాదము మాత్రమే, సాగర్ భయపడుటకు దాని మరణము కావలసియున్నది. దర్శకుని యుద్దేశము బహుశః ఇంతవఱకే కావచ్చును, పెద్ద మరణములను నమ్మించుటకు చిన్న మరణమును ముందు చూపుట. అయినను, అచ్చట నాకు చిక్కిన సరమను ఆయన యుద్దేశము కొఱకు నేను వదలుకొనను. రచయిత యెఱుగకయే పూర్వకథలు అతని చేతిలోనికి వచ్చుట సాహిత్యమున నిత్యము జరుగునదే.

కాని నా కొక యసంతృప్తి కలదు. మన తెలుగు కథలలో కుక్క చనిపోవుటకే వచ్చుచున్నది, లేదా కాపలాకు వచ్చి మత్తుమందు కలిపిన మాంసము తిని నిద్రపోవుచున్నది. సరమను, ధర్మరాజు సహచరుని గ్రంథస్థము చేసికొన్న భాష కిది చాలదు. తెలుగులో రహస్యకథలు వ్రాయుచున్న రచయితలారా, కుక్కను మొదటి భాగములోనే చంపకుడు. ఒక్క కథలోనైన దానికి సాక్ష్యమిచ్చు నవకాశ మిండు, చివరి భాగమువఱకు నడువనిండు.