వడపోతలో పోయిన మాటలు

కొన్నేళ్ల క్రితం ఆఫీసులో కస్టమర్ల ఫిర్యాదుల్ని వర్గీకరించే ప్రోగ్రాం ఒకటి రాశాను. ఇలాంటి పనుల్లో ముందుగా ఇంగ్లిష్‌లోని ద, ఆఫ్, ఇన్, బట్ లాంటి చిన్న మాటల్ని తీసేయడం మామూలు. స్టాప్ వర్డ్స్ అంటారు వాటిని. నేను వాడిన రెడీమేడ్ జాబితాలో 'నాట్' కూడా ఉంది. చూసుకోలేదు. 'నాట్ వర్కింగ్' అని మొత్తుకున్న ఫిర్యాదులన్నీ నా ప్రోగ్రాంకి 'వర్కింగ్' అయిపోయాయి!

కోడ్ సరిచేశాను. కానీ పుస్తకాల గురించి రాసేటప్పుడూ నేను చేస్తున్నది ఇదేనని తర్వాతెప్పుడో వెలిగింది. ప్రతీకల మీద, వస్తువు మీద పేరాలు రాస్తాను. చిన్న మాటల్ని దాటేస్తాను.

వ్యాకరణంలో వీటి పేరు ఫంక్షన్ వర్డ్స్. సొంత అర్థం పెద్దగా ఉండదు, మిగతా మాటల్ని కలిపేది మాత్రం ఇవే. వీటిని ఎవరూ ఆలోచించి ఎంచుకోరు. అందుకే మనిషిని పట్టిస్తాయి. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో ఓ 12 హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్న తగువు చాలాకాలం తేలలేదు. ఇద్దరి వాక్యాల సగటు పొడవు కూడా దాదాపు ఒకటే. మోస్టెల్లర్, వాలెస్ 1964 నాటి పుస్తకంలో చిన్న మాటల్ని లెక్కపెట్టి తేల్చారు. హామిల్టన్ 'అపాన్' తరచూ వాడతాడు, మాడిసన్ అరుదుగా. లెక్క మాడిసన్ వైపు మొగ్గింది.

ఇది గుర్తుపట్టడం వరకే. చదవడానికి పనికొస్తుందా? హెమింగ్వే 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' (1929) మొదటి వాక్యం చూడండి. ఇల్లు, ఊరు వచ్చినచోట 'ఎ'. ఏదో ఒక ఇల్లు, ఏదో ఒక ఊరు. నది, మైదానం, కొండలు వచ్చేసరికి 'ద'. ఏ నదో చెప్పడు, మనకి ముందే తెలిసినట్టు మాట్లాడతాడు. సైనికుడికి తలదాచుకునే చోటు ఏదైనా ఒకటే. యుద్ధం జరిగే ఆ కొండలు మాత్రం మర్చిపోలేనివి. నాకు ఆ నవల బరువంతా ఈ తేడాలోనే కనిపించింది.

ఆ వాక్యాన్ని తెలుగు చేయబోయి ఇరుక్కున్నాను. 'ఆ నది' అంటే వేలు పెట్టి చూపించినట్టుంది. ఉత్త 'నది' అంటే ఆ చనువు లేదు. చివరికి ఇంటికీ ఊరికీ 'ఒక' పెట్టి, నదినీ కొండల్నీ ఖాళీగా వదిలేశాను. పక్కన 'ఒక' ఉండటంతో ఆ ఖాళీయే 'ద' పని కొంత చేసింది.

కొంతే. కానీ అప్పట్నుంచీ సమీక్షల్లో 'సరళమైన భాష' అని రాయబోయి ఆగుతున్నాను. మళ్లీ ఏ 'నాట్' వదిలేశానో అని.