దానియేలు అడిగిన నీళ్లు: ‘ది డేనియల్ ప్లాన్’ గ్రంథముపై మెట్ట ప్రాంతమునుండి ఒక విమర్శ

ఆరోగ్యకరమైన ఆహారపు అలవాట్లను గురించి మన తెలుగు సంఘాలలో బోధించేవారు సాధారణంగా రెండు వాక్య భాగాలను ఆశ్రయిస్తారు. ఒకటి దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము, రెండవది 1 కొరింథీయులకు 6:19. యౌవనస్థుల కూడికలలో 21 దినముల “దానియేలు ఉపవాసము” చాలాచోట్ల వాడుకలోకి వచ్చింది. ఈ ఆలోచనకు లోకమంతటా ప్రచారము తెచ్చిన పుస్తకాలలో ‘ది డేనియల్ ప్లాన్’ ముఖ్యమైనది. కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ సంఘానికి అప్పటి కాపరియైన రిక్ వారెన్, వైద్యులైన డేనియల్ ఆమెన్, మార్క్ హైమన్‌లతో కలిసి 2013లో దీనిని ప్రచురించాడు. మన కాపరులు పేరు చెప్పకపోయినా, వారి ప్రసంగ సారాంశాలలో ఈ పుస్తకపు ఛాయలు కనబడుతూనే ఉంటాయి. ఉదయగిరి, వరికుంటపాడు మెట్ట గ్రామాలలో సేవచేసే ఒక కాపరిగా నేను దీనిని చదివాను. మేలు చేసే పుస్తకమే. అయితే అది అడగవలసిన మొదటి ప్రశ్నను అడగలేదని నా అభిప్రాయము.

ముందుగా న్యాయము చెప్పాలి. ఒకే దినమున 800 మందికి పైగా బాప్తిస్మమిస్తూ, వారి బరువును, తన బరువును కూడా గుర్తించి సిగ్గుపడ్డానని వారెన్ దాచుకోకుండా వ్రాశాడు. కాపరి తన శరీరాన్ని గురించి సంఘము ఎదుట ఒప్పుకోవడము మనలో అరుదు. 2011 జనవరిలో ఆ సంఘములో ఈ కార్యక్రమము మొదలైంది. సుమారు 15,000 మంది చేరారని, మొదటి సంవత్సరములో అందరూ కలిసి 2,50,000 పౌండ్లు, అనగా దాదాపు 1,13,000 కిలోల బరువు తగ్గారని వారు ప్రకటించారు. విశ్వాసము, ఆహారము, వ్యాయామము, మనస్సు, స్నేహితులు అనే అయిదు అంశాలమీద పుస్తకము నిలిచింది. వీటిలో చివరిదే దీని బలము. ఒంటరిగా ప్రయత్నించినవారికంటె చిన్న గుంపులలో చేరినవారు ఎక్కువ ఫలితము పొందారని గ్రంథకర్తలు చెబుతారు. ఇంటింటికి తిరిగి ప్రతి గడపలో టీ, చక్కెర, బిరియానీ కాదనలేక తిని, షుగరు తెచ్చుకున్న నావంటి కాపరికి ఈ మాట వెంటనే తలకెక్కుతుంది. సంఘము ప్రేమతో పెట్టినదే నాకు రోగమైంది. ఇక సంఘమే ఆ ప్రేమను మరో విధముగా చూపవలసి ఉంది.

ఇక వాక్యమునకు వద్దాము. దానియేలు రాజు భోజనమును ఎందుకు కాదన్నాడు? ఆరోగ్యము కొరకు అని ఆ అధ్యాయము ఎక్కడా చెప్పదు. అపవిత్రము కాకూడదని చెబుతుంది. ధర్మశాస్త్రపు ఆహార నియమాల కొరకే అనుకుంటే ద్రాక్షారసమును ఆ నియమాలు నిషేధించలేదు. విగ్రహాలకు అర్పించినది గనుక అనుకుంటే బబులోనులో కూరగాయలకు, ధాన్యానికి మాత్రము ఆ దోషము అంటదా? రాజు భోజనమునకు హెబ్రీ మూలములో ‘పత్‌బగ్’ అనే మాట ఉన్నది. ఇది పారసీకమునుండి వచ్చినది. ఇదే మాట 11:26లో తిరిగి కనబడుతుంది. అక్కడ రాజు భోజనము తిన్నవారే అతనిని పడద్రోస్తారు. రాజు అన్నము తినడమంటే రాజుకు కట్టుబడడమని ఆ లోకపు భావన. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము చేయరాదని మనవాళ్లు అనేది కూడా అదే. కనుక దానియేలు ఎదుట ఉన్న ప్రశ్న పోషక విలువలది కాదు, ఎవరి అన్నము తిని ఎవరికి బద్ధులమవుతాము అనేది. అంతేకాదు, 10:2-3లో మూడు వారములు మాంసము, ద్రాక్షారసము మానుకున్నాడంటే, మిగతా దినములలో అవి పుచ్చుకునేవాడనే కదా అర్థము!

మరొక సంగతి. పది దినముల తరువాత ఆ యౌవనుల రూపమును వర్ణించడానికి 1:15లో వాడిన హెబ్రీ పదాలు ఒంటి పుష్టిని, కండను చెప్పేవి. ఆదికాండము 41:2లో ఫరో కలలోని బలిసిన ఆవులకు కూడా అవే పదాలు వాడబడ్డాయి. బరువు తగ్గించే ప్రణాళికకు ఈ అధ్యాయము పేరు పెట్టడము వింతగానే ఉన్నది. మన తెలుగు అనువాదకులు మాత్రము 1:12లో “శాకధాన్యాదులు” అనే చక్కని మాట పెట్టారు. హెబ్రీ ‘జేరోయీమ్’ విత్తనము అనే ధాతువునుండి వచ్చినది. విత్తగా మొలిచినదంతా అందులో చేరుతుంది. పాత ఇంగ్లీషు అనువాదము దానిని పప్పుధాన్యాలుగా కుదించింది, నేటి ప్రసంగాలు పచ్చికూరలుగా కుదించాయి. తెలుగు బైబిలు చదివేవానికి జొన్న, సజ్జ, రాగి, వరిగ కూడా దానియేలు గిన్నెలోనే ఉన్నాయి.

అయితే దానియేలు అడిగినవి రెండు. శాకధాన్యాదులు ఒకటి, నీళ్లు మరొకటి. నేను విన్న ప్రసంగాలలో ఈ రెండవదానిని గురించి మాట్లాడినవారు లేరు. ‘ది డేనియల్ ప్లాన్’ కంచమును గీసి చూపిస్తుంది: సగము కూరగాయలు, పావు భాగము మాంసకృత్తులు, పావు భాగము ముడి ధాన్యము లేక దుంపలు, ప్రక్కన కొంచెము పండు, త్రాగడానికి నీళ్లు. కంచములోని ప్రతిదానికి పేజీలకొద్దీ వివరణ ఉన్నది. నీళ్లు ఎక్కువగా త్రాగమన్నదే గాని ఆ నీళ్లలో ఏమున్నదని అడగలేదు. కాలిఫోర్నియాలో వ్రాసినవారికి ఆ ప్రశ్న రాకపోవడము సహజమే. మనకు రాకపోవడము సహజము కాదు.

ఎందుకంటే, నీళ్లలోని ఫ్లోరైడువలన ఎముకలు పాడైపోయే వ్యాధిని మన దేశములో మొదట శాస్త్రీయంగా గుర్తించినది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని ఈ జిల్లా గ్రామాలను పరిశీలించి వైద్య పత్రికలలో ప్రకటించారు. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి ప్రాంతాలు కూడా ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోకి వెళ్లాయి. హద్దు మారినా నేల మారలేదు. రాళ్లలోని ఖనిజాలనుండి ఫ్లోరైడు భూగర్భ జలములోకి దిగుతుంది. వానలు తక్కువైన మెట్టలో బోరే ఆధారము. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు చాలునని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చునని మన భారత ప్రమాణము చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏండ్లకొద్దీ త్రాగితే పిల్లల పళ్లకు గోధుమరంగు చారలు పడతాయి, పెద్దలకు మెడ, నడుము బిగుసుకొనిపోతాయి, చివరకు వీపు వంగిపోతుంది. దానియేలు పెట్టించుకున్న పరీక్ష పది దినములది. ఇక్కడ పది దినములలో ఏమీ కనబడదు. పది సంవత్సరాలకు కనబడుతుంది, అప్పుడు తిరిగి సరిచేయడము సాధ్యము కాదు.

మా సంఘములో నేనూ ఒకసారి 21 దినముల ఉపవాసము ప్రకటించాను. ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, నీళ్లు అని వరుసగా చెబుతుంటే, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి నావైపు చూసే ఒక పెద్దాయన వెనుకనుండి అడిగాడు: “అయ్యగారూ, ఆ ఆకుకూర ఉడకబెట్టుకునేదానికి బోరు నీళ్లే గదా?” ఆ దినము నాదగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్నాను. నీళ్లను మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరై తగ్గినకొలదీ మిగిలినదానిలో సాంద్రత పెరుగుతుంది. ఇంట్లో పెట్టుకునే మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా దానిని ఆపదు. త్రాగడానికి 20 లీటర్ల డబ్బా కొనుక్కొనే ఇంట్లో కూడా అన్నము, పప్పు, టీ బోరు నీళ్లతోనే కాగుతాయి. టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడు ఎక్కువ.

ఇక్కడ మన స్వస్థత కూటముల బోధను కూడా కొంచెము పరీక్షించుకోవాలి. ‘యెహోవా రాఫా’ అనే పేరును మనము మంచమెక్కిన రోగి ప్రక్కన చెబుతాము. నిర్గమకాండము 15:22-26 చదివితే, దేవుడు తన్ను స్వస్థపరచువానిగా ఇశ్రాయేలీయులకు తెలియజేసినది మంచము దగ్గర కాదు, మారాలో, చేదు నీళ్ల దగ్గర. మొదట బాగుపడినది నీళ్లు. 2 రాజులు 2:19-22లో యెరికోవారు ఎలీషాతో చెప్పుకున్నది కూడా ఊరి నీళ్లు మంచివి కావనే. ప్రవక్త ఊటయొద్దకే వెళ్లాడు. రోగులను ఒక్కొక్కరిగా పిలిచి చేతులుంచలేదు. అయితే మారాకు, మనకు ఒక భేదమున్నది. మారాలో నాలుక చెప్పింది. ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. మా ఊళ్లలో కొన్ని బోర్ల నీళ్లు తియ్యనివని పేరుపడ్డవి. తీపికి, ఫ్లోరైడుకు ఏ సంబంధము లేదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

రెండవ వాక్య భాగము, దేహము దేవాలయమన్నది. దీనిని ‘ది డేనియల్ ప్లాన్’ పునాదిరాయిగా వాడుకుంటుంది. ఆ సందర్భము జారత్వమును గురించినదని విద్యార్థులకు నేను చెప్పనవసరము లేదు. నేను చెప్పదలచినది భాషను గురించి. గ్రీకులో “మీ” అన్నది బహువచనము, “దేహము” ఏకవచనము. మన తెలుగులో “మీ” అంటే ఒక్కరినే గౌరవముగా పిలిచినట్టు కూడా ఉంటుంది. అందుచేత వినేవాడు “నా ఒళ్లు, నా బరువు, నా షుగరు” అని అనుకొని ఇంటికి పోతాడు. అదే పత్రికలో 3:16లో ఆలయము సంఘమే. ఇంకా ముందుకుపోతే, తిండికి, రోగానికి పౌలు నేరుగా సంబంధము కట్టినది 6వ అధ్యాయములో కాదు, 11వ అధ్యాయములో. ప్రభువు బల్లయొద్ద ఒకడు ఆకలిగొన్నాడు, ఒకడు మత్తుడైనాడు. అందువలననే అనేకులు బలహీనులు, రోగులు అయ్యారని ఆయన అంటాడు. వాళ్లు ఏమి తిన్నారని పౌలు అడగలేదు. ఎవరు తిన్నారు, ఎవరిని వదిలి తిన్నారు అని అడిగాడు. ఆరోగ్యాహారమును గురించిన క్రైస్తవ పుస్తకానికి ఈ అధ్యాయమే కేంద్రము కావలసినదని నా వాదన.

ఈ వాదనను నేను పైనుండి చేయడము లేదు. కొన్నేండ్లపాటు మా మందిరములో ప్రసంగవేదికమీద నా కొరకు మూత బిగించిన సీసా ఉండేది. చాపలమీద కూర్చున్నవారికి గుమ్మము దగ్గర బోరు నీళ్ల కుండ. సీసా పెట్టినవారు ప్రేమతోనే పెట్టారు, నేను కృతజ్ఞతతోనే త్రాగాను. సంస్కారపు ఆదివారాలలో కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయము చదివి, ఆ సీసా ఎత్తి గొంతు తడుపుకొని, బల్లకు పిలిచాను. ఆ పెద్దాయన ప్రశ్న అడిగేవరకు నాకది కనబడలేదు.

అయితే తిండి మార్చుకోవడము వ్యర్థమా? కాదు. ఇక్కడ పుస్తకపు సలహాలు కొన్ని మనకు పుస్తకము ఎరుగని కారణాలవలన పనికివస్తాయి. కాల్షియము కడుపులోనే ఫ్లోరైడును పట్టుకొని ఒంటికి పట్టకుండా కొంత ఆపుతుంది. 100 గ్రాముల రాగులలో కాల్షియము 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యములో సుమారు 10. మజ్జిగ, మునగాకు, ఉసిరి, నిమ్మ మనకు దొరికేవే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించిన ఒక అధ్యయనములో, బడిపిల్లలకు దినమునకు 10 గ్రాముల చింతపండు ఇవ్వగా మూత్రములో ఫ్లోరైడు ఎక్కువగా బయటికిపోయింది. మన చింతచారుకు ఇంత మర్యాద దొరికినందుకు సంతోషమే గాని, అది చిన్న అధ్యయనము. వంగిన ఎముకను చింతపండు నిలబెట్టదు. చిరుధాన్యాలన్నిటిని ఒకే గాట కట్టి పొగడడము కూడా తగదు. 1970లలో నల్గొండ జిల్లాలో మోకాళ్లు వంకరపోయే వ్యాధిని పరిశీలించినవారు, జొన్నే ప్రధానాహారమైన చోట దాని తీవ్రతకు, ధాన్యములోని మాలిబ్డినముకు సంబంధము ఉండవచ్చునని అనుమానించారు. దానియేలు పేరు చెప్పి జొన్నను, వరిగను ప్రకటించే కాపరి ముందు తన ఊరి బోరును ఎరిగి ఉండాలి.

లూకా 13:10-17లో పదునెనిమిది సంవత్సరాలు నడుము వంగిపోయిన స్త్రీ కథ మా ప్రాంతములో ఎప్పుడు ప్రసంగించినా మందిరము నిశ్శబ్దమవుతుంది. అటువంటి నడుములు మా వరుసలలోనే ఉన్నాయి. ఆ స్త్రీ రోగము ఇదేనని నేననను. కాని సమాజమందిరపు అధికారికి ప్రభువు ఇచ్చిన జవాబులోని ఉదాహరణ చూడండి: విశ్రాంతిదినమున ఎద్దును విప్పి నీళ్లకు తోలుకొనిపోవడము. స్వస్థతను గురించి మాట్లాడుతూ ఆయన నోట వచ్చినది నీళ్ల ప్రస్తావనే.

గత సంవత్సరమునుండి మా మందిరములో సీసా లేదు, కుండా లేదు. అందరికీ ఒకే డబ్బా. ప్రేమవిందు వంట కూడా డబ్బా నీళ్లతోనే చేయాలని స్త్రీల సమాజమువారు తీర్మానించారు. వందమందికి అన్నము, పప్పుచారు వండాలంటే ఎన్ని డబ్బాలు కావాలో లెక్కవేసి, ఆ డబ్బు కొరకు కోడికూరను నెలకొకసారికి తగ్గించారు. కోడికూర తగ్గినందుకు యౌవనస్థులు గొణుగుతున్నారు. మందిరపు బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపాము, చుట్టుప్రక్కల విశ్వాసుల ఇళ్లవి మాత్రము ఇంకా పంపలేదు. అవి వచ్చేవరకు 21 దినముల ఉపవాసము మళ్లీ ప్రకటించనని పెద్దాయనకు చెప్పాను.