కోడినడిగిన కథ

పండుగ హాస్యానికి వర్గం ఉండదని మన రచయితల్లో చాలామంది నమ్మకం. సంక్రాంతి ప్రత్యేక సంచికల్లో కొత్తల్లుడి మీద, కోడికూర మీద వచ్చే హాస్యకథలు చదువుతుంటే నాకు ఆ నమ్మకం నిలవడం లేదు.

మా కోనసీమలో కనుమ రోజునే తీసుకోండి. పొద్దున్నే పశువులను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతాం. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఇళ్ళల్లో మినపగారెలు, కోడికూర. పొలం పని చేసే పశువుకు పూజ, పెరట్లో తిరిగే కోడికి కత్తి. ఈ వైరుధ్యం హాస్యానికి మంచి ముడిసరుకు. మన కథకులు దాన్ని దాటుకుపోయి అల్లుడి తిండిపోతుతనం దగ్గర ఆగిపోతున్నారు.

'కోడినడిగి మసాలా నూరుతారా' అనే సామెతలో నవ్వు ఎక్కడ పుడుతోంది? ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో వారికి మాట్లాడే హక్కు లేదన్న ధీమాలోంచి పుడుతోంది. దీన్ని మనం వాడేది కోళ్ళ గురించి కాదు, మనుషుల గురించే. కూలిరేటు ఖాయం చేసేటప్పుడు కూలివాణ్ణి, సంబంధం ఖాయం చేసేటప్పుడు ఆడపిల్లను అడగనక్కరలేదని చెప్పడానికే. ఒకసారి తరగతిలో ఈ సామెత చెబితే అందరూ నవ్వారు. కూలివారి అమ్మాయి ఒకతె మాత్రం, "కోడిని సరేనండి, పెంచినోళ్ళనైనా అడగాలి కదండి" అంది. గుడ్లమ్మి నోటుపుస్తకాలు కొనుక్కునే ఇంటినుంచి వచ్చిన విమర్శ అది. హాస్యరసాన్ని ఇంత సూటిగా నిలదీసిన లక్షణగ్రంథం నాకు తెలియదు.

కరుణ మన సాహిత్యానికి కొత్త కాదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం'లో పువ్వుచేత మాట్లాడించారు. ఘంటసాల గొంతులో దాన్ని ఊరూరా విన్నారు. నేను చదివినంతలో కోడికి అలాంటి గొంతు దొరకలేదు. పల్నాటి వీరగాథలో కోడిపోరు ఒక రాజ్యాన్నే అడవులపాలు చేసింది. అక్కడా పుంజు పాలకుల పౌరుషానికి గుర్తే తప్ప ప్రాణి కాదు. నేటి బరిలోనూ అంతే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉన్నా పుంజు కాలికి కత్తి కడుతూనే ఉన్నారు. ఓడిన పుంజు కూర గొప్పింటి విస్తట్లో పరువుగా వడ్డన అవుతోంది.

అలాగని కోడిని తినడం పాపమని కథలు రాయమనడం లేదు. ఆ పాపభీతి మన దేశంలో అంటరానితనానికి అండగా నిలిచింది. తినే కూరనుబట్టి మనిషిని కొలిచింది. పండుగకు గాని కోడిని కోసుకోలేని ఇంటికి అహింసోపదేశం చెయ్యడం రచయిత పని కాదు. ఆ ఇంట్లో నూకలు వేసి పెంచిన చెయ్యే కోడిని పట్టి ఇస్తుంది. ఆ చేతి సంకోచమూ, పొయ్యి చుట్టూ చేరిన పిల్లల సంబరమూ రెండూ నిజమే. ఒకదానికోసం రెండోదాన్ని దాచెయ్యని రచనే వాస్తవిక రచన.

మన కథకులు తమ చూపును అల్లుడి విస్తరి మీదినుంచి ఒక్కసారి పెరట్లోకి మళ్ళిస్తే చాలు. హాస్యం తగ్గదు, దానికి బుద్ధి వస్తుంది.